కుడిపక్కన కూర్చున్న మనిషి

మా కాలంలో చేతిపని చేసేవాణ్ణి ఎవరైనా మొదట అడిగేది నీ పేరేమిటని కాదు, నీ ఉస్తాద్ ఎవరని. దర్జీనైనా, తబలా వాయించేవాణ్ణైనా, దుకాణాలకు బోర్డులు రాసేవాణ్ణైనా అదే అడిగేవారు. అప్పుడు వాడు చేతిలో పని ఆపి, చెవి తమ్మె పట్టుకొని, గొంతు తగ్గించి తన గురువు పేరు చెప్పేవాడు. గురువు పేరు నోటికొచ్చినట్టు అనకూడదు, చెవి పట్టుకునే అనాలి. పాతబస్తీలో అది మర్యాద. నాకు చెప్పడానికి ఆ పేరు లేదు. ఎవరైనా అడుగుతారేమోనని పడుచుతనమంతా తల వంచుకొని తిరిగాను.

ఈమధ్య మా మనవడు, “నేనెవరి దగ్గరా నేర్చుకోలేదు తాతా, అంతా సొంతమే” అని ఛాతీ విరుచుకొని చెబితే వాడి చెవి నేనే మెలిపెడదామనుకున్నాను. మా రోజుల్లో అది చెప్పుకునే సంగతి కాదు, దాచుకునే సంగతి.

మాది గౌలిపురలో పాలవాళ్ల ఇల్లు. ముందు అరుగు, దాని వెనక ఒక గది, ఆ వెనక కొట్టం. మనుషులకంటే బర్రెలకే చోటెక్కువ. తెల్లారకముందే బాపు పాలు పిండి, కావడి ఎత్తుకొని దబీర్‌పురా స్టేషను దాకా రోజూ పాలు పోయించుకునే వాడికెల ఇళ్లు తిరిగి వచ్చేవాడు. గౌలిపుర పాలవాళ్లంతా నీళ్లు కలుపుతారని ఊరంతా పరిహాసం చేసినా, మా బాపు చెంబు దగ్గర మాత్రం ఎవరూ ఆ మాట అనేవారు కాదు. ఆయన ఆస్తి అదొక్కటే. నన్ను నాలుగు రోజులు ఉర్దూ బడికి పంపారు, నాలుగు రోజులు తెలుగు చెప్పే అయ్యవారి అరుగు మీద కూర్చోబెట్టారు. రెండు చోట్లా అక్షరాలను చదవడం కంటే చూస్తూ కూర్చోవడమే నాకు ఇష్టంగా ఉండేది. అయ్యవారు ‘క’ అనమంటే, దాని తలకట్టు అటు తిరిగిందెందుకని నేను ఆలోచిస్తుండేవాణ్ణి. దెబ్బలు తిని ఇంటికొచ్చేవాణ్ణి.

నా అసలు బడి మా కొట్టం గోడ. అమ్మ దాన్ని పేడతో అలికేది. అది ఆరగానే నేను సున్నంలో చీపురుపుల్ల ముంచి దానిమీద రాసేవాణ్ణి, గీసేవాణ్ణి. అగ్గిపెట్టెల మీది బొమ్మలు, సబ్బు కాగితాలు, బట్టల తానులకు అంటించి వచ్చే రంగుల చిత్రాలు, ఖాళీ బిస్కెట్ డబ్బాలు, ఏది దొరికితే అది ఎదురుగా పెట్టుకొని అచ్చు అలాగే దించడమే చదువు. విలాయతి నుంచి వచ్చే సీమ డబ్బా మీద పెద్ద అక్షరాల చుట్టూ అంత చోటు ఖాళీగా ఎందుకు వదిలారో తెలియక, మొదట్లో ఆ ఖాళీలన్నిటినీ పూలతో నింపేసేవాణ్ణి. చాలా రోజులకు అర్థమైంది, ఆ ఖాళీ వల్లే అక్షరం కనిపిస్తోందని. చెప్పేవాడుంటే ఒక్క పూటలో తెలిసేది. మళ్లీ అమ్మ గోడ అలికేది, నా చదువంతా పేడలో కలిసిపోయేది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు సాగింది నా విద్య.

మీసాలు వచ్చాక పత్తర్‌గట్టీ వెనక గల్లీలో ఒక రాతి అచ్చు ప్రెస్సులో చేరాను. బొమ్మలు గీయడానికి కాదు, రాళ్లు అరగదీయడానికి. ఆ రోజుల్లో ఉర్దూ అచ్చంతా రాతి మీదే. నున్నటి పెద్ద బండరాయి మీద జిడ్డు సిరాతో రాస్తే, దానిమీంచి కాగితాలు అచ్చవుతాయి. పని అయిపోగానే ఇసుక, నీళ్లు పోసి, ఇంకో రాయితో రుద్ది పాత రాత చెరిపేయాలి. గడ్డి మోసిన చేతులు కదా, ఆ పని నాకు తేలిగ్గా వచ్చింది. ప్రెస్సుకు బయలుదేరే ముందు మోచేతుల దాకా సబ్బు రుద్దుకునేవాణ్ణి. ఎంత రుద్దినా పేడ వాసన పోలేదనే నా అనుమానం. పక్కన ఎవరైనా ముక్కు గోక్కుంటే చాలు, నా గురించేనని కుంచించుకుపోయేవాణ్ణి. మీ నాయన ఏం చేస్తాడని అడిగితే వ్యాపారమని చెప్పేవాణ్ణి.

ఆ ప్రెస్సులో ఉర్దూ అక్షరాలు రాసే ముసలాయన్ని అందరూ కాతిబ్ సాబ్ అనేవారు. మోకాలి మీద పలక ఆనించుకొని, మసాలా పూసిన పసుపు కాగితం మీద వెదురు కలంతో రాస్తుంటే చూడాలి. ఒక్కో అక్షరానికి ఎత్తెంత, వెడల్పెంత అన్నది కలం మొనతో చుక్కలు పెట్టి కొలిచేవాడు. అది దొంగచూపులు చూసి పట్టేశాను. ఇంటికొచ్చి తెలుగు అక్షరాలకు అదే కొలత పెట్టాను. సున్నకు ఎన్ని చుక్కలు, తలకట్టుకు ఎన్ని, కొమ్ము ఎక్కడిదాకా పోవాలి అని కొట్టం గోడంతా చుక్కలమయం చేశాను. ఈ పిల్లగాడికి గోడమీద అమ్మవారు పోసిందని అమ్మ నవ్వింది.

ఒకరోజు మధ్యాహ్నం, అరగదీసిన రాయి ఆరేలోపు దానిమీద బొగ్గుతో తెలుగులో నాలుగు అక్షరాలు రాశాను. కాతిబ్ సాబ్ వెనకనుంచి వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

“హాత్ అచ్ఛా హై, మియా” అన్నాడు. చెయ్యి బాగుందన్న ఆ మాటకు నా గుండె ఉబ్బింది. వెంటనే అడగనే అడిగాడు. “ఉస్తాద్ కౌన్?”

“కోయీ నైఁ, సాబ్.”

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. “బేఉస్తాద్!” అని నెమ్మదిగా అనుకుంటూ తన చోటికి వెళ్లిపోయాడు. ఉస్తాద్ లేనివాడని. తండ్రి పేరు తెలియనివాణ్ణి అన్నట్టే వినిపించింది నాకు. ప్రెస్సంతా విన్నది. ఆ రాయి మీద అక్షరాలను తడిగుడ్డతో తుడిచేసి, సాయంత్రం దాకా ఎవరి ముఖమూ చూడలేదు.

అప్పుడు సీమలో లడాయి, పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. సీమ డబ్బాలు రావడం తగ్గింది, కాగితం కరువైంది. బాపుకు ఒక ఆలోచన వచ్చింది. మిగిలిన పాలు తోడుపెట్టి కాచిన నెయ్యిని చెంబులతో అమ్మే బదులు, జుమ్మెరాత్ బజార్‌లో పాత డబ్బాలు కొని, కడిగి, వాటిలో నింపి, పైన మన చీటి అంటించి స్టేషను దగ్గర దుకాణాలకు ఇస్తే ఎలా ఉంటుందని. రాత్రి అన్నం ముందు కూర్చొని నాతో అన్నాడు.

“బిడ్డా, చీటి నువ్వే గియ్యాలె. నీ ప్రెస్సుల్నే అచ్చు కొట్టియ్యాలె. మంచిగ అయిందనుకో, నువ్వు గాడనే ఉండు, నేనేం అన. కాలేదనుకో, గా రాళ్లు రుద్దుడు బంద్ చేసి బర్రెల కాడికి రా. నా నడుము వంగుతలేదు.”

ఆయన మాట అంటే మాటే. ఒక్క చీటి మీద నా బతుకు ఏ పక్కకు పోతుందో తేలిపోయే పరిస్థితి.

మొదట నేను గీసింది సీమ ఆవును. డబ్బా మీద ఎలా ఉంటుందో అలా, మూపురం లేని తెల్ల ఆవు, నల్ల మచ్చలు, చుట్టూ పచ్చగడ్డి. బర్రెను గీయడానికి నాకు నామోషీ. డబ్బా మీద బర్రె ఏమిటి, అది మా కొట్టంలో ఉండేది కదా! బాపు ఆ కాగితాన్ని దీపం దగ్గరికి తీసుకొని చూశాడు.

“ఇదెవలింటి ఆవు?”

“డబ్బాల మీద గిట్లనే ఉంటది బాపూ.”

“మనది బర్రె నెయ్యి. ఆవు బొమ్మ ఏసి అమ్ముతే మోసం గాదా? చీటి మీద బొమ్మ అబద్ధమైతే లోపట నెయ్యి ఎట్ల నిజమైతదిరా?”

మరుసటి తెల్లవారుజామున కాగితం పట్టుకొని కొట్టంలో కూర్చున్నాను. వంకర కొమ్ముల పెద్ద బర్రె కింద బాపు పాలు పిండుతున్నాడు. పుట్టినప్పటినుంచి చూస్తున్న దృశ్యమే. కానీ గీయడానికి చూడటం అదే మొదలు. మోకాళ్ల మధ్య చెంబు, బర్రె పొట్టకు ఆనించిన నుదురు, నురగ. గీస్తుంటే నాకే ఆశ్చర్యం, నా చెయ్యి ఎక్కడా తడబడలేదు. అంత బాగా అంతకుముందు ఎప్పుడూ గీయలేదు. ఆ తర్వాత కూడా గీయలేదేమో.

ప్రెస్సు యజమాని బాపు మాట మీద రాయి ఇచ్చాడు. మామూలుగా అయితే పసుపు కాగితం మీద రాసి, దాన్ని రాయికి ఎక్కించేవారు. కాతిబ్ సాబ్ ‘ఖాలిస్ ఘీ’, అంటే అసలు నెయ్యి, అని ఉర్దూ వరస అలాగే రాసిచ్చాడు. నేను మాత్రం మంకుపట్టు పట్టాను. సీమ చీటీలలో కనిపించే ఆ మెత్తటి నీడలు రావాలంటే జిడ్డు పెన్సిలుతో నేరుగా రాతి మీదే గీయాలి. నేరుగా గీస్తే ఒక చిక్కు ఉంది. రాతి మీద ఉన్నది కాగితం మీద తిరగబడుతుంది, ముద్ర వేసినట్టు. కాబట్టి తెలుగు అక్షరాలను తిరగేసి రాయాలి. అది చెప్పేవాడు ప్రెస్సులో లేడు, తెలుగు తెలిసినవాడే లేడు. అమ్మ అద్దం తెచ్చుకొని, దానిలో చూస్తూ ‘గౌలిపుర అసలు బర్రె నెయ్యి’ అని తలకట్లతో సహా తిరగేసి రాశాను. ఒక్క గీత తప్పలేదు. మెడ పట్టేసింది, కళ్లు మండాయి, కానీ తప్పలేదు.

ఇక బొమ్మ. దాన్ని కొట్టంలో గీసుకున్నది గీసుకున్నట్టే రాయి మీదికి దించాను. తిప్పాలన్న ఊహే రాలేదు. వచ్చిందేమో కూడా. వచ్చినా పట్టించుకోలేదు. అక్షరాన్ని అయితే చదువుతారు, బొమ్మను చూస్తారంతే కదా, బర్రె తల ఇటుంటేనేం, అటుంటేనేం అనుకున్నాను. ఉస్తాద్ ఉన్నవాడైతే మొదటి రోజే మొట్టికాయ తిని నేర్చుకునే పాఠం అది.

అచ్చు అద్భుతంగా వచ్చింది. యజమాని చీటిని వెలుతురుకు పట్టుకొని “వాహ్” అన్నాడు. కాతిబ్ సాబ్ ఒకటి తీసుకొని తన పుస్తకంలో పెట్టుకున్నాడు. దానికంటే పెద్ద బిరుదు నాకు అక్కర్లేదనిపించింది. చీటీల కట్ట చంకలో పెట్టుకొని గౌలిపురకు పరుగు లాంటి నడకతో వచ్చాను. ఆ ఒక్కరోజు సబ్బు సంగతి గుర్తు రాలేదు.

బాపు గల్లీలోని పాలవాళ్లనందరినీ పిలిచాడు. అరుగు మీద కడిగిన డబ్బాలు వరసగా పెట్టాడు. అమ్మ గంజి ఉడికించి తెచ్చింది. మొదటి డబ్బాకు బాపే స్వయంగా చీటి అంటించి, గుడ్డతో నొక్కి, మా కులపెద్ద చేతిలో పెట్టాడు. ఆయన బాపుకు అన్న వరస. ఒక్క అక్షరం చదవలేడు. డబ్బాను అటూ ఇటూ తిప్పి, బొమ్మ దగ్గర ఆగాడు. కళ్లు చిన్నవి చేసి చూశాడు. తర్వాత పెద్దగా నవ్వాడు.

“ఏంది తమ్మీ! నీ కొడుకు నిన్ను బర్రెకు కుడిపక్క కూసోబెట్టిండు?”

గల్లీ అంతా మీదికి వంగింది. డబ్బా చేతులు మారింది. నవ్వులు మొదలయ్యాయి.

“గిట్ల కూసుంటే పాలు రావు, పండ్లు రాల్తయ్.”

“గీసింది మన గౌలోళ్ల పిలగాడేనా, లేకుంటే యాడన్న బంగ్లల పుట్టినోడా?”

అప్పుడు చూశాను నేను. మా దగ్గర బర్రెకు ఎడమపక్కనే కూర్చొని పిండుతారు. తాతల నాటి అలవాటు, బర్రెలకూ అదే అలవాటు. కుడిపక్కకు కొత్తగా ఎవరైనా వస్తే తన్నుతుంది. అది చిన్నపిల్లవాడికీ తెలుసు. నేను సరిగ్గానే గీశాను, రాయి తిప్పేసింది. ఎడమన ఉన్న బాపు చీటిలో కుడికి వచ్చాడు. ప్రెస్సులో ఎవరికీ కనిపించలేదు, వాళ్లకెలా కనిపిస్తుంది? కనిపించాల్సింది నాకు. ఆ కొట్టంలో పుట్టి, ఆ పాలు తాగి, ఆ వాసన కడుక్కోవడంలోనే నా తెలివంతా ఖర్చుపెట్టినవాణ్ణి. అక్షరాలు చదవలేని మావాళ్లు బొమ్మనే చదువుతారన్న సంగతి నాకు తట్టలేదు. తల తీసేసినట్టయింది. భూమిలోకి పోదామంటే అరుగు కింద చోటు లేదు.

బాపు భుజం మీది తువ్వాల తీసి మడతపెట్టాడు. మళ్లీ విప్పి భుజాన వేసుకున్నాడు. ఇక అయిపోయింది, రేపటినుంచి బర్రెల దగ్గరే అనుకున్నాను.

“మా వంకర కొమ్ముది గట్లనే ఇస్తదన్నా” అన్నాడు బాపు.

నవ్వులు ఆగాయి.

“ఏం మాట్లాడుతున్నవ్ తమ్మీ? ఎప్పటి సంది?”

“ఈపారి ఈనినప్పటి సంది. ఎడమపక్క పోతె ఇస్తలేదు. పిలగాడు చూసిందే గీసిండు.”

ఆయన నోట అబద్ధం వినడం నాకు అదే మొదలు. నీళ్లు కలపనని ఊరికి మాటిచ్చిన నోరు అది. కులపెద్ద కాసేపు ఆయన్నే చూసి, “అట్లనా? అయితే ఒకనాడు పొద్దుగాల వచ్చి చూస్త” అని డబ్బా కింద పెట్టాడు. అందరూ తలా ఒక మాట అని వెళ్లిపోయారు. బాపు మిగిలిన డబ్బాలకు చీటీలు అంటిస్తూ కూర్చున్నాడు. పక్కన కూర్చొని గంజి పూసి ఇవ్వడానికి కూడా నాకు ముఖం చెల్లలేదు.

తెల్లవారుజామున ధన్‌మని చెంబు పడ్డ చప్పుడుకు లేచాను. కొట్టంలోకి వెళ్లి చూద్దును కదా, బాపు నేలమీద ఉన్నాడు. పాలు పేడలో కలిసి పారుతున్నాయి. వంకర కొమ్ముది బెదిరి గుంజ చుట్టూ తిరుగుతోంది. ఆయన కుడిపక్కనుంచి పిండబోయాడు, అది తన్నింది. మోకాలి కింద చర్మం చీలి నెత్తురు కారుతోంది. అమ్మ పసుపు అద్దుతూ, కొడుకును అనలేక బర్రెను తిడుతోంది.

“బాపూ, నేను రాయి మల్ల గీస్త. తప్పు నాది” అన్నాను. ఏడుపు వచ్చేసింది.

“కాయితం యాడ దొరుకుతది గిప్పుడు? ఉన్నదంత అచ్చు కొట్టినవ్ గద.” చెంబు కడిగి మళ్లీ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. “చీటి మీద ఒకటి, కొట్టంల ఒకటి ఉండొద్దురా. చీటి మారదు. బర్రె మారుతది.”

“అది తంతది బాపూ!”

“తన్ననీ. నువ్వెవలు నేర్పకుంట గింత నేర్చుకోలేదా? దానికి నేర్పెటోణ్ణి నేనున్న. ఫికర్ జెయ్యకు, నీ ప్రెస్సుకు టైమైతుంది పో.”

అని దాని వీపు నిమురుతూ, ఏదో గొణుగుతూ, మళ్లీ కుడిపక్కకే వెళ్లాడు. నేను అక్కడే నిలబడిపోయాను. ఆయనకు సాయం చేయాలంటే ఏ పక్కన నిలబడాలో తెలియలేదు. చివరికి దూడను పట్టుకొని బర్రె ముందు నిలబడ్డాను. ఆ తర్వాత చాలా పొద్దులు అలాగే నిలబడ్డాను. అది తన్నింది, చెంబు తన్నింది, పాలు ఇవ్వకుండా ఎగబట్టింది. ఆయన కాలికి కట్టు మీద కట్టు పడింది. వాడికెలవాళ్లు పాలు తగ్గాయేమని అడిగితే, బర్రెకు ఒంట్లో బాగాలేదని కూడా చెప్పలేదాయన. తగ్గాయి అని ఊరుకున్నాడు. ఇంకో అబద్ధం చెప్పడం ఆయన వల్ల కాలేదు.

కులపెద్ద మాట మరవలేదు. ఒక పొద్దున కర్ర ఆనించుకుంటూ కొట్టం గుమ్మంలో నిలబడ్డాడు. బాపు ఆయన్ని చూశాడు, చెంబు తీసుకొని కుడిపక్కన కూర్చున్నాడు. నుదురు బర్రె పొట్టకు ఆనించాడు. అది ఒక కాలు ఎత్తింది. నేను దూడ మెడ గట్టిగా పట్టుకున్నాను. ఎత్తిన కాలు మెల్లగా దించేసింది. చెంబులో పాలు పడ్డ చప్పుడు వినిపించింది.

పెద్దాయన బర్రెను చూశాడు. తర్వాత బాపు కాలి కట్టును చాలాసేపు చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. ఆ చూపు ముందు నిలబడటం కంటే బర్రె తన్ను తినడం మేలు.

“హౌ తమ్మీ, ఇస్తున్నది” అని మాత్రం అని వెళ్లిపోయాడు. గల్లీలో మళ్లీ ఎవరూ ఆ చీటి గురించి నవ్వలేదు.

నేను ప్రెస్సులోనే ఉండిపోయాను. రాళ్లు రుద్దడం మాని గీసేవాణ్ణయ్యాను. ఎన్నో చీటీలు, ఎన్నో బొమ్మలు, పెళ్లిపత్రికలు గీశాను. అద్దంలో చూడకుండా ఒక్క బొమ్మ రాయికి ఎక్కించలేదు. ఆ బర్రె ఉన్నన్నాళ్లు కుడిపక్కనుంచే ఇచ్చింది. అది పోయాక వచ్చిన దానికీ బాపు కుడిపక్కే నేర్పాడు, ఎందుకంటే చీటి అదే కదా. కొంచెం కుంటుతూనే కావడి మోశాడు. ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఉస్తాద్ ఎవరని ఇప్పుడు ఎవరైనా అడిగితే చెవి తమ్మె పట్టుకుంటాను. పేరు చెబుతానేమోనని వాళ్లు ఎదురుచూస్తారు, నేను చెప్పను. చెబితే ఆ కాలి సంగతి కూడా చెప్పాలి. అది చెప్పడానికి నాకింకా సిగ్గుగానే ఉంది.